ముహమ్మద్ మార్మడ్యూక్ పిక్తాల్: నియ్యత్ మార్చిన జీవితం

ఇంగ్లీషు మీడియం బడుల్లో చదివే పిల్లల చేతికి దివ్య ఖుర్ఆన్ ఆంగ్లానువాదం ఇవ్వాలనుకునే తల్లిదండ్రులు ఇప్పుడు పల్లెల్లో కూడా ఉన్నారు. పగిడ్యాలలో, నందికొట్కూరులో ఈ విషయమై మమ్మల్ని అడిగినవారు పలువురు. పుస్తకం అట్ట మీద మార్మడ్యూక్ పిక్తాల్ అన్న పేరు చూడగానే వారి మనసులో ఒక శంక మొదలవుతుంది. ఇది దొరల పేరు కదా, పాదరీ ఎవరైనా రాశాడేమో, పిల్లల ఈమాన్‌కు ఏమైనా చేటు వస్తుందేమో అని. శంక పడటంలో తప్పు లేదు. దీని విషయంలో జాగ్రత్త పడని తల్లిదండ్రులు ఇంక దేని విషయంలో పడతారు? అయితే ఈ శంకకు జవాబు ఒక్క మాటలో చెప్పేది కాదు. ఆ మనిషి కథ మొత్తం చెప్పాలి.

పాదరీ అన్న అనుమానం ఒక విధంగా నిజానికి దగ్గరగానే ఉంది. పిక్తాల్ సాహెబ్ పాదరీ కాదు గాని పాదరీ కుమారుడు. 1875 ఏప్రిల్ 7న లండన్‌లో జన్మించారు. తండ్రి చార్లెస్ గ్రేసన్ పిక్తాల్ ఇంగ్లండ్ చర్చిలో మతాధికారి, సఫోక్ ప్రాంతంలో చిల్స్‌ఫర్డ్ అనే పల్లెలో పనిచేసేవారు. మార్మడ్యూక్‌కు ఆరేళ్ళు రాకముందే ఆయన కన్నుమూశారు. తల్లి పిల్లల్ని తీసుకుని లండన్ చేరింది. పెద్దింటి పిల్లలు చదివే హారో పాఠశాలలో కుర్రవాణ్ణి చేర్పించారు. తరువాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన విన్‌స్టన్ చర్చిల్ కూడా ఆ రోజుల్లో ఆ బడిలోనే చదివాడు. బిడియస్థుడైన మార్మడ్యూక్‌కు అక్కడి వాతావరణం గిట్టలేదు. ఎక్కువ కాలం ఉండలేదు. ఒక్క భాషలు మాత్రం ఆయనకు ఇట్టే పట్టుబడేవి.

యువకుడిగా ఆయన పెట్టుకున్న మొదటి లక్ష్యం ఒక సర్కారీ ఉద్యోగం. తుర్కీ, సిరియా వంటి తూర్పు దేశాల్లో బ్రిటిష్ రాయబార కార్యాలయాల్లో పనిచేసే కొలువు అది. పరీక్ష రాశారు. భాషల్లో బాగా రాణించినా ఉద్యోగం దక్కలేదు. మన పిల్లలు గ్రూప్ పరీక్షలో తప్పితే ఇంట్లో ఎలాంటి వాతావరణం ఉంటుందో ఆ ఇంట్లోనూ అలాగే ఉండి ఉంటుంది. ఆ నిరాశలో ఉండగానే, అరబీ నేర్చుకుంటే ముందుముందు పనికి వస్తుందన్న ఆలోచనతో 1894లో ఆయన ఓడెక్కి ఈజిప్టు, అక్కడి నుంచి ఫలస్తీన్ వెళ్ళారు. అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఉద్యోగం వచ్చి ఉంటే ఆయన ఆ దేశాలకు దొరగా వెళ్ళేవారు, దొరల బస్తీలో ఉండేవారు. ఉద్యోగం రాలేదు కనుక మామూలు మనిషిగా వెళ్ళారు.

ఫలస్తీన్‌లో యూరోపియన్లు ఉండే చోట్లు వదిలేసి, స్థానికుల దుస్తులు వేసుకుని, గుర్రం మీద పల్లెపల్లెకు తిరిగారు. రైతుల ఇళ్ళలో తిన్నారు, సరాయిల్లో పడుకున్నారు. పుస్తకాల అరబీతో పాటు బజారు అరబీ కూడా నేర్చుకున్నారు. అక్కడి తెల్లవారికి ఇది నచ్చలేదు. తమ పిల్లవాడు నేటివుల్లో కలిసిపోతున్నాడని గొణిగారు. పిక్తాల్ మాత్రం అక్కడి పేదల ముఖాల్లో చూసిన నిశ్చింతను, తృప్తిని జీవితాంతం మరిచిపోలేదు. తన దేశంలో సంపద ఎంతున్నా అది తనకు కనబడలేదని ఆయన భావం.

అలా తిరుగుతూ దమిష్క్ చేరారు. అక్కడి ఉమయ్యద్ జామె మస్జిద్‌కు చెందిన ఒక పెద్ద షేక్ వద్ద అరబీ పాఠాలు మొదలుపెట్టారు. షేక్ గారికి శిష్యుడంటే ప్రేమ. ఒకరోజు శిష్యుడు తాను ఇస్లాం స్వీకరించాలనుకుంటున్నానని చెప్పాడు. తెల్లజాతి యువకుడు, పాదరీ కొడుకు, తనంతట తాను వచ్చి షహాదత్ చెబుతానంటే ఏ ఉస్తాద్ అయినా పొంగిపోయి వెంటనే నలుగుర్నీ పిలుస్తాడని మనం అనుకుంటాం. ఆ షేక్ అలా చేయలేదు. తల్లి బ్రతికి ఉందా అని మొదట విచారించారు. ఉందని తెలిశాక, తొందరపడవద్దనీ, కొంత వయసు రానిమ్మనీ, ఒకసారి స్వదేశం వెళ్ళి తల్లిని చూసుకుని ఆలోచించుకొమ్మనీ చెప్పి పంపారు. ఆయన తన బాధ్యతను మరో వైపు నుంచి కూడా చూశారు. తన సొంత కుమారుడు పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నప్పుడు ఏ క్రైస్తవ ఉపాధ్యాయుడైనా వాణ్ణి ఇలాగే తన మతంలోకి లాగితే తండ్రిగా తనకెలా ఉంటుందో ఆయన ఆ క్షణంలో ఊహించుకున్నారు.

ఈ ఘట్టం దగ్గర మేము కాసేపు ఆగదలిచాము. ముస్లిములు కత్తి చూపి, ఆశ చూపి మతం మారుస్తారని పిక్తాల్ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగారు. ఇక్కడ తానే అడిగినా మస్జిద్ పెద్ద వద్దంటున్నాడు. ఆ షేక్ ఆనాడు కలిమా చదివించి ఉంటే ఏమయ్యేదో అల్లాహ్‌కే తెలుసు. ఇల్లు, తల్లి గుర్తొచ్చిన మరుసటి నెలలోనే ఆ ఉత్సాహం చల్లారిపోయేదేమో. అదీ గాక ఆనాటి కోరికలో ఎంత ఈమాన్, ఎంత అరబీ వేషం మీద మోజు అన్నది ఆ కుర్రవాడికే తెలియదు. షేక్ గారికి తెలిసినట్టుంది. సహీహ్ బుఖారీ మొదటి హదీసు దేని గురించో మన మదరసా పిల్లల్లో చిన్నవాడినడిగినా చెబుతాడు. నియ్యత్ గురించి. శిష్యుడి నియ్యత్ పండే దాకా ఆగటం ఆ ఉస్తాద్ ఎంచుకున్న మార్గం. మతం మార్పిడుల మీద మన దేశంలో ఇంత రభస జరుగుతున్నప్పుడు, అవతలి వారూ మన వారూ కూడా ఈ దమిష్క్ షేక్ గురించి తెలుసుకుంటే బాగుంటుంది.

పిక్తాల్ ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. ఆ పండటానికి ఇరవై ఏళ్ళకు పైనే పట్టింది.

ఈ ఇరవై ఏళ్ళ జీవితం పైకి చూస్తే ఒక ఆంగ్ల రచయిత జీవితం. 1896లో మ్యూరియల్ స్మిత్‌ను వివాహమాడారు. వారికి సంతానం కలగలేదు. పల్లెల్లో కాపురముండి నవలలు రాశారు. 1903లో వెలువడిన సయీద్ ది ఫిషర్‌మన్ అనే నవల ఆయనకు పేరు తెచ్చింది. సిరియా తీరంలోని ఒక పేద జాలరి కథ అది. ఆ సయీద్ పుణ్యపురుషుడేమీ కాదు, అవసరానికి అబద్ధాలాడేవాడే. కానీ ఆ కాలపు ఆంగ్ల రచయితలు అరబ్బుల్ని బొమ్మల్లా చూపిస్తుంటే ఈయన మనుషుల్లా చూపించారు. మళ్ళీ ఈజిప్టు వెళ్ళారు, మళ్ళీ దమిష్క్ చూశారు. ఇంటికి వస్తే ఆదివారం చర్చికి వెళ్ళే మనిషే. లోపల ఏదో ఒకటి తెగని ముడిగా ఉండిపోయింది.

ఆ ముడిని తెంచింది బాల్కన్ యుద్ధాలు. 1912, 1913 సంవత్సరాల్లో ఉస్మానియా సామ్రాజ్యం చేతిలోంచి బాల్కన్ ప్రాంతాలు పోయాయి. ఆ ఊళ్ళలోని ముస్లిములు వేలకు వేలు ఊచకోతకు గురయ్యారు, లక్షలాదిగా తరిమివేయబడ్డారు. ఇంగ్లండ్‌లో పత్రికలు, చర్చిలు దీనిని క్రైస్తవుల విజయంగా వేడుక చేసుకున్నాయి. చచ్చినవారు ముస్లిములైతే వారి కోసం ఒక్క కన్నీటి బొట్టు లేదు. పాదరీ కొడుకు ఇది సహించలేకపోయారు. 1913లో స్వయంగా తుర్కీ వెళ్ళి ఇస్తంబూల్ దగ్గర కొన్ని నెలలు ఉండి, తాను చూసింది రాశారు. మన దేశంలో కూడా ఆ రోజుల్లో ఇదే వేదన. డాక్టర్ అన్సారీ గారు వైద్య బృందాన్ని వెంటబెట్టుకుని గాయపడిన తుర్కీ సైనికులకు సేవ చేయటానికి వెళ్ళింది 1912 చివరిలోనే.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇప్పుడు తుర్కీ బ్రిటన్‌కు శత్రుదేశం. తుర్కీతో విడిగా సంధి చేసుకోవాలని పిక్తాల్ రాస్తూనే ఉన్నారు. దొరలకు ఆయన దేశద్రోహిలా కనబడసాగారు. పాత పాఠకులు దూరమయ్యారు. ఈ స్థితిలో 1917 నవంబర్ 29న లండన్‌లోని నాటింగ్ హిల్‌లో ముస్లిం లిటరరీ సొసైటీ సభలో ఇస్లాం, ప్రగతి అన్న విషయం మీద ప్రసంగించి, చివరన తాను ముస్లిం‌నని బాహాటంగా ప్రకటించారు. వయసు నలభై రెండు.

ఆ తేదీని మరోసారి చూడండి. సరిగ్గా పది రోజుల తర్వాత, డిసెంబర్ 9న, బైతుల్ మఖ్దిస్ బ్రిటిష్ సైన్యం వశమైంది. ఇస్లామీ ప్రపంచం ఓడిపోతున్న సమయం అది. గెలిచే పక్షంలో చేరేవారిని లోకం ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. గెలిచే జాతిలో పుట్టిన మనిషి, చదువు ఉన్నవాడు, పేరు ఉన్నవాడు, ఓడిపోతున్నవారి సఫ్‌లో వచ్చి నిలబడ్డాడు. దుస్తులు, గుర్రాలు, ఎడారుల మీద మోజు అప్పటికి ఏనాడో తీరిపోయింది. దమిష్క్ షేక్ ఆగమన్నది ఈ రోజు కోసమే అయివుంటుంది.

ముస్లిం అయ్యాక ఏమి మారింది, ఏమి మారలేదు అన్నది కూడా చూడాలి. ముహమ్మద్ అన్న పేరు చేర్చుకున్నారు. మార్మడ్యూక్ పేరును పారవేయలేదు. ఇంగ్లండ్ మీద ప్రేమ పోలేదు. 1918లో సైన్యంలోకి పిలుపు వస్తే తుర్కీల మీద యుద్ధానికి పంపనంత వరకు తనకు అభ్యంతరం లేదని చెప్పి మామూలు సిపాయిగా చేరారు. ఆ ఏడాది ఇన్‌ఫ్లుయెంజా రోగుల శిబిరం ఆయనకు అప్పగించారు. 1919లో లండన్‌లో జుమా ఖుత్బాలు ఇచ్చారు, వోకింగ్ మస్జిద్‌లో ఇమామత్ బాధ్యత కూడా చూశారు. భార్య మ్యూరియల్ వెంటనే ఇస్లాం స్వీకరించలేదు. ఆయన బలవంతపెట్టలేదు. కొంత కాలం తర్వాత ఆమె తనకు తానుగా వచ్చారు. దమిష్క్‌లో నేర్చుకున్న పాఠం ఇంట్లోనూ పనిచేసినట్టుంది.

1920లో బొంబాయి మిల్లు యజమాని ఉమర్ సుభానీ ఆహ్వానంపై బాంబే క్రానికల్ పత్రిక సంపాదకత్వం స్వీకరించి పిక్తాల్ భారతదేశం వచ్చారు. అంతకు ముందు సంపాదకుడు హార్నిమన్‌ను 1919లో బ్రిటిష్ ప్రభుత్వం దేశం నుంచి వెళ్ళగొట్టింది. అలాంటి కుర్చీలో మరో ఇంగ్లీషువాడు వచ్చి కూర్చుని ఖిలాఫత్ ఉద్యమాన్ని, గాంధీజీ సహాయ నిరాకరణను సమర్థిస్తూ రాయసాగాడు. ఉర్దూ నేర్చుకున్నారు. ఊరూరా ఖిలాఫత్ సభలు జరుగుతున్న కాలం. 1924 మార్చి 3న ఆ ఖిలాఫత్‌ను తుర్కీ వారే రద్దు చేసుకున్నారు. తుర్కీ కోసం పేరు, పాఠకులు, డబ్బు పోగొట్టుకున్న మనిషికి ఆ కబురు ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ ఏడాదే పత్రికనూ వదిలారు.

సర్కారీ కొలువు అన్న లక్ష్యం పంతొమ్మిదేళ్ళకు పోయింది. నవలాకారుడిగా వచ్చిన పేరు యుద్ధంలో పోయింది. ఇప్పుడు తుర్కీ ఖిలాఫత్ కూడా పోయింది. యాభైకి చేరువైన వయసు. ఇంత జరిగాక చాలామంది విసిగి మూలన కూర్చుంటారు. ఉద్యమంలో ఉండి ఖిలాఫత్ పోయాక దీన్ పనినే వదిలేసినవారు మన పెద్దల్లో కూడా ఉన్నారు.

పిక్తాల్ 1925లో హైదరాబాద్ వచ్చారు. మన పగిడ్యాల అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో కర్నూలు జిల్లా నందికొట్కూరు తాలూకాలోని పల్లె. ఉత్తరాన నది దాటితే నిజాం రాజ్యమే. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం ఆయనను చాదర్‌ఘాట్ హైస్కూలుకు ప్రధానోపాధ్యాయుడిగా నియమించింది. సంస్థాన సివిల్ సర్వీసు అభ్యర్థుల శిక్షణ కూడా ఆయన చేతికి వచ్చింది. 1927 నుంచి ఇస్లామిక్ కల్చర్ అనే త్రైమాస పత్రికకు సంపాదకులయ్యారు. ఆయన తర్వాత ఆ పత్రికను నడిపినవారు ముహమ్మద్ అసద్. ఆయనా యూరప్‌లో యూదు కుటుంబంలో పుట్టి ఇస్లాం స్వీకరించినవారే. అదే 1927లో పిక్తాల్ మద్రాసు వెళ్ళి ఇస్లామీ నాగరికత మీద ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ ఉపన్యాస పరంపరలోనే అంతకు ముందు 1925లో సయ్యద్ సులైమాన్ నద్వీ గారు దైవప్రవక్త (స) జీవితం మీద మాట్లాడారు. ఖుత్బాతె మద్రాస్ పేరిట ఆ పుస్తకం మన ఉర్దూ చదువరుల ఇళ్ళలో ఉంటుంది. 1929 జనవరిలో అల్లామా ఇక్బాల్ గారు కూడా ఆ వేదిక మీదే మాట్లాడారు.

బొంబాయిలో సర్కారు మీద నిప్పులు చెరిగిన కలం హైదరాబాద్‌లో చల్లబడిందని ఆయనను ఆక్షేపించినవారు ఉన్నారు. బ్రిటిష్ వారికి మిత్రుడైన నిజాం వద్ద జీతం తీసుకున్నాడని. ఈ ఆక్షేపణలో కొంత నిజం ఉంది, దాచనవసరం లేదు. కానీ మా అభిప్రాయం వేరు. రాజకీయం ఆయన నుంచి పోలేదు, దాని స్థానం మారింది. అంతవరకు తుర్కీని కాపాడటమే ఇస్లాంను కాపాడటమని అనుకున్నారు. రాజ్యాలు పోయినా పోని వస్తువు వైపు ఇప్పుడు చూపు తిరిగింది. ఇంగ్లీషు తెలిసిన ముస్లిం చదువుకోవటానికి, ఆ భాష పుట్టిన ఇంట్లో పుట్టి ఖుర్ఆన్ మీద ఈమాన్ ఉన్నవాడు చేసిన అనువాదం అప్పటికి లేదు. 1734 నాటి జార్జ్ సేల్ అనువాదం, 1861 నాటి రాడ్‌వెల్ అనువాదం ఉన్నాయి. అవి విశ్వసించనివారు చేసినవి. ఈ లోటు తాను పూడ్చాలని ఆయన సంకల్పం.

1928లో నిజాం ప్రభుత్వం ఆయనకు రెండేళ్ళ సెలవు ఇచ్చింది, పూర్తి జీతంతో. ఆయన చేసిన పనిలో నిజాం వాటా ఇది. 1929లో రాతప్రతి తీసుకుని ఈజిప్టు వెళ్ళారు. అజ్‌హర్ ఉలమాలతో తన పని చూపించుకోకుండా అచ్చు వేయనని ఆయన పట్టుదల. అక్కడ పెద్ద చిక్కు వచ్చింది. ఖుర్ఆన్‌ను పరభాషలోకి మార్చటమే కూడదని వాదించే ఉలమాలు అక్కడ బలంగా ఉన్నారు. షేక్ ముస్తఫా అల్ మరాగీ వంటివారు ఆదుకున్నారు. ఇంగ్లీషు బాగా తెలిసిన ముహమ్మద్ అహ్మద్ అల్ గమ్రావీ ఆయన పక్కన కూర్చుని ఆయత్ ఆయత్‌గా సరిచూశారు. 1930లో పుస్తకం వెలువడింది. తాను చేసింది ఖుర్ఆన్ కాదనీ, దాని భావం మాత్రమేననీ స్పష్టం చేసేందుకు పేరే ది మీనింగ్ ఆఫ్ ది గ్లోరియస్ కొరాన్ అని పెట్టారు. ఇది చాలామంది గమనించని విషయం. అనువాదం చేసినవాడే తన అనువాదానికి హద్దు గీశాడు. ఖుర్ఆన్ అనువాదాలు ఇతర భాషల్లోనూ వెలువడుతున్న కాలమే అది. మన రాయలసీమలో అనంతపురం కాలేజీలో పనిచేసిన చిలుకూరి నారాయణరావు గారు ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే.

ఇక తల్లిదండ్రుల ప్రశ్నకు వద్దాం. ఈ పుస్తకం పిల్లలకు ఇవ్వవచ్చా? నిశ్చింతగా ఇవ్వవచ్చు. కానీ ఒక కష్టం ఉంది. పిక్తాల్ వాడిన ఇంగ్లీషు ఆ కాలానికే పాతది, బైబిల్ పాత అనువాదపు పలుకుబడి. ఇప్పటి పిల్లలకు చాలా మాటలు కొరుకుడు పడవు. అడుగున వివరణలు కూడా చాలా తక్కువ. అబ్దుల్లా యూసుఫ్ అలీ గారి అనువాదం, 1934 నుంచి భాగాలుగా లాహోర్‌లో వెలువడినది, వివరణల విషయంలో నయం. ఇంట్లో ఉర్దూ తెలిసిన పెద్దలుంటే ఉర్దూ తఫ్సీర్ పక్కన పెట్టుకుని పిక్తాల్‌ను చదివించటం మేలు. ఆయన ఎక్కడ ఏ మాట ఎందుకు ఎంచుకున్నాడో అప్పుడే తెలుస్తుంది.

ఒక్క ఉదాహరణ చెబుతాం. సూరె బఖరా 112వ ఆయత్‌లో వజ్‌హ్ అనే మాట ఉంది. మదరసాలో ఆ మాటకు ముఖం అని చెబుతాం. ఉర్దూలో చెహ్రా అనో రుఖ్ అనో అంటాం. అల్లాహ్‌కు ముఖం అప్పగించటమంటే ఏమిటని పిల్లలు అడుగుతారు, ముఫస్సిర్లు దానికి వివరణలు ఇచ్చారు. పిక్తాల్ అక్కడ ముఖం అని రాయలేదు. ఉద్దేశం, లక్ష్యం అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట పెట్టారు. మనిషి ముఖం ఏ దిక్కుకు తిరిగి ఉందో అతని గమ్యం కూడా అటే ఉంటుంది కనుక భావం సరిగానే కుదిరింది. మాటకు మాట పెట్టే అనువాదకుడికి ఇది తట్టదు. కొలువు నుంచి నవలకు, నవల నుంచి తుర్కీకి, తుర్కీ నుంచి ఖుర్ఆన్‌కు లక్ష్యాన్ని తిప్పుకుంటూ వచ్చినవాడికి తట్టింది.

1935లో హైదరాబాద్ కొలువు విరమించి పిక్తాల్ దంపతులు ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. ఎంతో కాలం జీవించలేదు. 1936 మే 19న కార్న్‌వాల్ ప్రాంతంలోని సెయింట్ ఐవ్స్‌లో ఆయన పరమపదించారు. అల్లాహ్ ఆయన మీద రహ్మత్ కురిపించుగాక. సర్రేలోని బ్రూక్‌వుడ్ శ్మశానంలో ముస్లిముల భాగంలో ఖననం చేశారు. 1953లో అబ్దుల్లా యూసుఫ్ అలీ గారిని కూడా ఆ బ్రూక్‌వుడ్‌లోనే ఖననం చేశారు. అరబీ మూలం ఒక వైపు, పిక్తాల్ అనువాదం మరో వైపు ఉంచి రెండు సంపుటాలను హైదరాబాద్ ప్రభుత్వ ముద్రణాలయం 1938లో వెలువరించింది. ఆయన ఆ ప్రతిని చూడలేదు.

చనిపోవడానికి ముందు రోజు రాత్రి ఆయన తన మద్రాసు ఉపన్యాసాల ప్రతిని సరిచేస్తూ కూర్చున్నారు. తర్వాత భార్య బల్ల సర్దుతుంటే ఆ కాగితాలు కనిపించాయి. ఆయన చేత్తో రాసిన చివరి పంక్తులు సూరె బఖరాలోని ఆ 112వ ఆయత్ అనువాదమే.